పాలమూరు, నల్లగొండ ప్రాంతాల చిన్న స్వచ్ఛంద సంస్థలు కుటుంబ ఫౌండేషన్ల నుంచి గ్రాంటు పొందడం ఎలా: సమగ్ర మార్గదర్శి

దక్షిణ తెలంగాణ ఊళ్ల నుంచి హైదరాబాద్‌కో అమెరికాకో వెళ్లి, విత్తనాల వ్యాపారంలోనో మందుల పరిశ్రమలోనో రోడ్ల కాంట్రాక్టుల్లోనో స్థిరపడిన కుటుంబాలు, తండ్రి పేరు మీదనో నాయనమ్మ పేరు మీదనో ఒక ట్రస్టు పెట్టి సొంత మండలానికి ఏదైనా చేయాలనుకోవడం మనకు కొత్త కాదు. మిర్యాలగూడలో రైస్ మిల్లులు నడిపే ఇళ్లలోనూ, వనపర్తి నుంచి వెళ్లి పైకొచ్చిన కుటుంబాల్లోనూ ఇటువంటి ట్రస్టులు కనిపిస్తాయి. వీటిలో కొన్ని బడికి బెంచీలు కొనిచ్చి ఊరుకుంటాయి. కొన్ని ఏటా కొంత సొమ్ము పక్కన పెట్టి, ఊళ్లో నిజంగా పని చేసే సంస్థ కోసం వెతుకుతుంటాయి. ఈ వ్యాసం రెండో రకం ఫౌండేషన్ల దగ్గరకు వెళ్లాలనుకునే చిన్న సంస్థల కోసం రాస్తున్నది.

పదిహేనేళ్లుగా ఇటువంటి ప్రతిపాదనలు రాస్తూ, ఎక్కువసార్లు కాదనిపించుకుంటూ, నాకు అర్థమైన సంగతి ఒకటి ముందుగా చెబుతాను. ప్రభుత్వ శాఖలో నిర్ణయానికి జీవో ఉంటుంది, పెద్ద కంపెనీలో మార్కులు వేసే పట్టిక ఉంటుంది. కుటుంబ ఫౌండేషన్‌లో మాత్రం మూడు నెలలకో ఆరు నెలలకో ఒక ఆదివారం నలుగురైదుగురు ట్రస్టీలు ఇంట్లోనే కూర్చుంటారు. మీరు అక్కడ ఉండరు. మీ కాగితం పట్టుకుని వెళ్లిన మేనేజరో, ఆ ఇంటి చిన్న కోడలో మీ తరఫున రెండు నిమిషాలు మాట్లాడతారు. అప్పుడు ఇంటి పెద్దాయన వేసే ప్రశ్నలు మామూలుగా రెండే: "వీళ్లెవరు? పైసలు ఎక్కడెక్కడ ఖర్చవుతాయి?" ఆ రెండు ప్రశ్నలకు మేనేజరు తడుముకోకుండా జవాబు చెప్పగలిగేలా సరంజామా అందించడమే మన పని. కింద చెప్పిన అడుగులన్నీ దానికోసమే.

మొదటి అడుగు: ఆ డబ్బు ఎవరిదో తెలుసుకోవడం

ఫౌండేషన్ బోర్డు మీద ఒకే కుటుంబం పేరు ఉన్నా, లోపలి డబ్బు మూడు రకాలుగా ఉండవచ్చు. ఏ రకమో తెలియకుండా దరఖాస్తు చేస్తే ఆరు నెలలు తిరిగాక "మీకు ఫలానా రిజిస్ట్రేషన్ లేదు కదా" అన్న మాట వినవలసి వస్తుంది.

మొదటి రకం, కుటుంబ సభ్యుల సొంత ఆదాయం నుంచి వచ్చినది. ఇది అన్నిటికంటే సులువైన డబ్బు. ఇచ్చేవారు తమ ట్రస్టు ద్వారా కాకుండా వ్యక్తిగతంగా విరాళం ఇస్తే మీకు 80జీ (విరాళం ఇచ్చినవారికి పన్ను మినహాయింపు వచ్చేలా చేసే రిజిస్ట్రేషన్) ఉందా అని అడుగుతారు. అయితే ఆదాయపు పన్నులో కొత్త విధానాన్ని ఎంచుకున్నవారికి 80జీ మినహాయింపు వర్తించదు కాబట్టి, ఈ మధ్య కొందరు దాతలు ఆ సంగతే ఎత్తడం లేదు. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే ఎలాగూ మినహాయింపు రాదు. అందుకని ఎంత చిన్న విరాళమైనా బ్యాంకు ద్వారా తీసుకోవడమే పద్ధతి.

రెండో రకం, కుటుంబానికి చెందిన కంపెనీ సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయవలసిన సొమ్ము, అంటే సీఎస్‌ఆర్. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ గాని, 1,000 కోట్ల టర్నోవరు గాని, 5 కోట్ల నికర లాభం గాని ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇందుకు ఖర్చు చేయాలి. ఈ సొమ్ము మీ సంస్థ ద్వారా ఖర్చు కావాలంటే మీరు కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 దాఖలు చేసి నంబరు తెచ్చుకుని ఉండాలి. మూడేళ్ల పని అనుభవం చూపాలి. 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చే రిజిస్ట్రేషన్), 80జీ రెండూ ఉండాలి. ఇక్కడ ఒక ఉపయోగం ఉంది. సీఎస్‌ఆర్ పరిధిలోకి వచ్చే కంపెనీలు తమ బోర్డు ఆమోదించిన ప్రాజెక్టులను వెబ్‌సైట్‌లో పెట్టవలసి ఉంటుంది. ఆ జాబితా చదివితే వారి ధోరణి పదినిమిషాల్లో తెలిసిపోతుంది.

మూడో రకం విదేశీ సొమ్ము. మన జిల్లాల్లో తడబాటు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. డల్లాస్‌లో ఉన్న మన ఊరి అబ్బాయి ఇంకా భారతీయ పాస్‌పోర్టు మీదనే ఉండి, తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది చట్టం దృష్టిలో విదేశీ విరాళం కాదు. అదే అబ్బాయి అమెరికా పౌరసత్వం తీసుకుంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, అతను ఇచ్చేది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ గాని ముందస్తు అనుమతి గాని లేకుండా తీసుకోకూడదు. ఆ రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థకు మూడేళ్లు నిండి, ఆ మూడేళ్లలో ప్రధాన కార్యక్రమాల మీద కనీసం 15 లక్షలు ఖర్చయి ఉండాలి. "హైదరాబాద్‌లో ఉన్న మా ట్రస్టుకు పంపిస్తాను, వాళ్లు మీకు ఇస్తారు" అని ఆ అబ్బాయి మంచి మనసుతోనే చెప్పవచ్చు. 2020 సవరణ తరువాత ఒక సంస్థకు వచ్చిన విదేశీ విరాళాన్ని మరొక సంస్థకు బదిలీ చేయడం పూర్తిగా నిషిద్ధం. కాబట్టి మొదటి ఫోన్‌లోనే మర్యాదగా అడిగి తెలుసుకోవాలి: "గ్రాంటు మీ దేశీయ ఖాతా నుంచి వస్తుందా సార్?" ఈ ప్రశ్న అడిగినందుకు నన్ను ఎవరూ తప్పు పట్టలేదు, రెండు చోట్ల మెచ్చుకున్నారు కూడా.

రెండో అడుగు: కాగితాలు

ఇది అందరికీ తెలిసిన భాగమే కనుక త్వరగా చెబుతాను. సంస్థ సొసైటీ అయితే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద, కనీసం ఏడుగురు సభ్యులతో, జిల్లా రిజిస్ట్రారు దగ్గర నమోదై ఉంటుంది. నమోదు చేయించి మరిచిపోతే సరిపోదు. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, కార్యవర్గం జాబితా, ఆడిట్ అయిన లెక్కలు దాఖలు చేస్తుండాలి. సర్టిఫికెట్ మీద "మహబూబ్‌నగర్ జిల్లా" అని ఉండి, ఆఫీసు ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలోనో నారాయణపేట జిల్లాలోనో ఉంటే, ఆ సంగతి ఒక వాక్యంలో ముందే వివరించండి. హైదరాబాద్‌లో పెరిగిన యువ ట్రస్టీకి 2016, 2019 జిల్లాల విభజన గుర్తుండకపోవచ్చు.

పాన్ కార్డు, నీతి ఆయోగ్ దర్పణ్ (స్వచ్ఛంద సంస్థల నమోదు పోర్టల్) నంబరు, మూడేళ్ల ఆడిట్ నివేదికలు, 12ఏ, 80జీ ఉత్తర్వులు ఒకే ఫైలులో ఉంచుకోవాలి. ఈ చివరి రెంటికీ గడువు ఉంటుందన్న సంగతి చాలామంది గమనించరు. తాత్కాలిక రిజిస్ట్రేషన్ మూడేళ్లకే ముగుస్తుంది, రెగ్యులర్ అయితే మామూలుగా ఐదేళ్లు; 2025 తరువాత వచ్చిన మార్పుతో చిన్న సంస్థలకు 12ఏ పదేళ్ల వరకు ఇస్తున్నారు. గడువుకు ఆరు నెలల ముందే పునరుద్ధరణకు దరఖాస్తు చేయాలి. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి రావడంతో సెక్షన్ల సంఖ్యలు మారాయి గాని, ఫౌండేషన్లలో అందరూ ఇంకా 12ఏ, 80జీ అనే అంటున్నారు. మీరూ అలాగే అనవచ్చు, ఫారాల విషయం మాత్రం సీఏ గారిని అడిగి చేయండి.

మూడో అడుగు: సరైన ఇంటిని ఎంచుకోవడం

పేరు చివర ఫౌండేషన్ అని ఉన్నంత మాత్రాన గ్రాంట్లు ఇస్తారని కాదు. పెద్ద ఫౌండేషన్లలో చాలావరకు సొంత సిబ్బందితో సొంత కార్యక్రమాలు నడుపుకుంటాయి. అక్కడికి దరఖాస్తు పంపడం అంటే వంట మనిషి ఉన్న ఇంటికి క్యారియర్ పట్టుకెళ్లడమే. వారు గత మూడేళ్లలో బయటి సంస్థ దేనికైనా డబ్బు ఇచ్చారా అన్నది మొదట చూడాలి. ఇచ్చి ఉంటే ఆ సంస్థకే నేరుగా ఫోన్ చేసి మాట్లాడండి. ఎంత ఇచ్చారు, విడతలు సమయానికి వచ్చాయా, నివేదిక ఎంత పొడుగు అడుగుతారు, ఎవరి మాట చెల్లుతుంది అన్నవి అక్కడే తెలుస్తాయి. మన రంగంలో ఒకరికొకరు ఈ సమాచారం దాచుకునే అలవాటు ఉంది. నాకైతే అది అక్కరలేని పిసినారితనం అనిపిస్తుంది.

కుటుంబ ఫౌండేషన్‌కు భూగోళం ముఖ్యం. తాతగారి ఊరు దేవరకొండ డివిజన్‌లో ఉంటే, అచ్చంపేట చెంచుపెంటల కోసం ఎంత బాగా రాసినా వారి మనసు దేవరకొండ తండాల మీదనే ఉంటుంది. దీనిని తప్పు పట్టి లాభం లేదు. అలాగే వారి కుటుంబ చరిత్రలోని ఒక సంఘటన వారి ఇష్టాన్ని నిర్ణయిస్తుంది: తల్లి క్యాన్సర్‌తో పోయి ఉంటే ఆరోగ్యం, తండ్రి బడిపంతులైతే చదువు. స్మారక ట్రస్టు పేరులోనే సగం సమాధానం దొరుకుతుంది.

నాలుగో అడుగు: మొదటి పలకరింపు

స్థానిక ఎమ్మెల్యే చేత ఫోన్ చేయించవద్దు. ఆ ఫోన్‌తో పని జరిగినా, రేపు ప్రభుత్వం మారినప్పుడు మీ పేరు ఆ ఫోన్‌తోనే గుర్తుంటుంది. ఆ ఊరి రిటైర్డ్ హెడ్‌మాస్టరు, సహకార సంఘం మాజీ అధ్యక్షుడు, ఆ కుటుంబం భూమిని ఇంకా కౌలుకు చేస్తున్న రైతు, ఇటువంటివారు చెప్పే మాటకు బరువు ఎక్కువ. వారి ద్వారా పరిచయం అయ్యాక, మేనేజింగ్ ట్రస్టీ గారి పేరిట ఒకే పేజీ ఉత్తరం పంపాలి. అందులో మీరు ఏ మండలంలో ఎన్నేళ్లుగా ఏం చేస్తున్నారు, ఇప్పుడు ఏ పని కోసం సుమారు ఎంత అవసరం, వచ్చి కలవడానికి పావుగంట ఇవ్వగలరా, ఈ మూడు తప్ప వేరే ఉండనక్కరలేదు. దానకర్ణుడితో పోలికలు, "మీ వంటి మహానుభావులు" వంటి మాటలు ఒక్కటి కూడా వద్దు. ఆ ఇంటి పిల్లలు ఇంగ్లీషులో చదువుకున్నారనిపిస్తే ఉత్తరం రెండు భాషల్లోనూ పంపవచ్చు. పెద్దాయన తెలుగు ప్రతినే చదువుతారు.

ఏ నెలలో అడుగుతున్నామన్నదీ చూసుకోవాలి. రిజిస్టరైన ట్రస్టు తన ఆదాయంలో 85 శాతాన్ని మామూలుగా మార్చి 31లోగా ఖర్చు చేసి చూపాలి. కనుక నవంబరు, డిసెంబరు నెలల్లో వారి చేతిలో ఎంత మిగిలిందో తేలుతుంది. మార్చి రెండో వారంలో వెళితే అంతా ఎవరికో ఒకరికి మాట ఇచ్చేసి ఉంటారు. ఏప్రిల్‌లో వెళితే "చూద్దాం, ఇప్పుడే కదా ఏడాది మొదలైంది" అంటారు.

ఐదో అడుగు: సమస్యను రాయడం

ప్రతిపాదనలో ఎక్కువ మంది తడబడేది ఈ భాగంలోనే. "పాలమూరు జిల్లా అత్యంత వెనుకబడిన జిల్లా, ఇక్కడి ప్రజలు వలసలతో అల్లాడుతున్నారు" అని మొదలుపెట్టే ప్రతిపాదనను ఆ ట్రస్టీలు అంతకుముందు ఇరవై సార్లు చదివి ఉంటారు. పైగా వారు ఆ జిల్లావారే. వారి ఊరి దరిద్రం గురించి వారికే ఉపన్యాసం చెప్పినట్టు ఉంటుంది.

గణాంకాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2011 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత సుమారు 55 శాతం, నాటి ఉమ్మడి రాష్ట్రంలో అన్ని జిల్లాల కంటే తక్కువ. ఈ అంకె ఇప్పటికీ ప్రతి ప్రతిపాదనలో కనిపిస్తుంది. కాని అది ప్రధానంగా అయిదు జిల్లాలుగా విడిపోయిన పాత జిల్లాకు చెందిన అంకె. 2016లో నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగుళాంబ గద్వాల, 2019లో నారాయణపేట దాని నుంచి విడిపోయాయి. మీరు పనిచేసేది మద్దూరు మండలంలోనైతే జిల్లా అంకె మీకు అక్కరకు రాదు. అదే జనాభా లెక్కల్లో గ్రామాల వారీ పట్టికలు ఉన్నాయి, అవి వాడండి. అంతకంటే మేలు, మీరే లెక్కపెట్టడం. బడిలో హాజరు రిజిస్టరు, అంగన్‌వాడీ టీచరు దగ్గరి జాబితా, ఆశా కార్యకర్త ఇంటింటి పుస్తకం, ఈ మూడూ కలిపి చూస్తే నాలుగు రోజుల్లో ఒక ఊరి బొమ్మ వస్తుంది.

పోల్చి చూడండి. ఒకటి: "వలసల వల్ల పిల్లల చదువులు దెబ్బతింటున్నాయి." మరొకటి: "మేము పనిచేసే మూడు ఊళ్లలో దీపావళి దాటాక తల్లిదండ్రులు ముంబై, పుణె, భీవండి వైపు పనులకు వెళ్తారు. వారి పిల్లల్లో 75 మంది అవ్వాతాతల దగ్గర ఉండిపోతారు. బడి నాలుగున్నరకు వదులుతారు. ఇంట్లో చదివించేవారు లేరు. జనవరి నుంచి హాజరు పడిపోవడం రిజిస్టరులో కనిపిస్తుంది." రెండో పేరా చదివిన మేనేజరు ఆదివారం సమావేశంలో దానిని కాగితం చూడకుండా చెప్పగలడు. మీ అంకెలు మీవి రాయండి. ఇక్కడివి ఉదాహరణ కోసమే.

నల్లగొండ వైపు వారికి ఇంకొక మాట. ఫ్లోరైడ్ అనగానే దాతకు వంకర తిరిగిన కాళ్ల ఫోటోలు గుర్తుకొస్తాయి. నీటిలోంచి పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 1970ల్లో నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు "నల్లగొండ పద్ధతి" అని పేరు పెట్టేంతగా ఈ జిల్లాకు ఆ పేరు అంటుకుంది. తరువాత చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన మిషన్ భగీరథ ద్వారా నది నీళ్లు వచ్చాయి. ఇప్పటికీ "ఫ్లోరైడ్ నివారణకు ఆర్వో ప్లాంటు" అని ప్రతిపాదన రాస్తే, ఆ ట్రస్టీ మొదటి ప్రశ్నగా "మరి భగీరథ నీళ్లు రావడం లేదా?" అంటారు. ఆ నీళ్లు ఏ వాడకు, ఏ రోజుల్లో అందడం లేదో మీరు చూపగలగాలి. లేదంటే నేటి అవసరం వేరుగా ఉండవచ్చు: చిన్నప్పుడు తాగిన నీళ్లతో ఎముకలు బిగుసుకుపోయినవారికి అది మళ్లీ సరికాదు, మర్రిగూడ, మునుగోడు వైపు అటువంటి వారికి ఫిజియోథెరపీ, చక్రాల కుర్చీ, పింఛను కాగితాల సాయం కావలసి ఉండవచ్చు. పాత పేరుతో డబ్బు అడిగేకంటే ఈనాటి అవసరాన్ని చెప్పడం నిజాయితీ కూడా.

ఆరో అడుగు: బడ్జెట్

1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లి వచ్చినప్పుడు అక్కడి దళితులు తమకు భూమి కావాలన్నారు. ఎంత కావాలని అడిగితే 80 ఎకరాలన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచి చెప్పారు. భూదానం కథను త్యాగం కోసం చెబుతారు గాని, నాకు అందులో మొదటి సగమే ఎక్కువ ఇష్టం: అడిగినవారి దగ్గర అంకె సిద్ధంగా ఉంది. "మీకు తోచినంత ఇవ్వండి" అన్న సంస్థకు తోచినంతే వస్తుంది, అంటే తక్కువే వస్తుంది.

పైన చెప్పిన 75 మంది పిల్లల సాయంత్రపు చదువు కేంద్రాలకే బడ్జెట్ వేసి చూద్దాం. మూడు ఊళ్లు, మూడు కేంద్రాలు. ఊరికొక వలంటీరుకు నెలకు 7,000 చొప్పున పది నెలలకు 2,10,000. మూడూ చూసుకునే సమన్వయకర్తకు నెలకు 16,000 చొప్పున పన్నెండు నెలలకు 1,92,000. సాయంత్రం పిల్లలకు శనగలో అలసందలో గుడాలు, రోజుకు తలా 8 రూపాయలు, 200 రోజులకు 1,20,000. పుస్తకాలు, పలకలు, ఆట వస్తువులు తలా 600 చొప్పున 45,000. ప్రయాణాలు నెలకు 2,500 చొప్పున 30,000. కరెంటు, దీపాలు, చాపలు 18,000. లెక్కలు, ఆడిట్ 25,000. మొత్తం 6,40,000 రూపాయలు. పిల్లవాడికి ఏడాదికి సుమారు 8,533. ఈ చివరి అంకెను బడ్జెట్ కిందే రాయండి, ఎందుకంటే పెద్దాయన మనసులో చేసే భాగహారం అదే. గది పంచాయతీ ఇస్తే "గది: గ్రామ పంచాయతీ, అద్దె లేకుండా" అని ఒక వరుస చేర్చి, తీర్మానం ప్రతి జతచేయండి. ఊరు కూడా ఒక చేయి వేసిందని తెలియడం ఈ కుటుంబాలకు మనం అనుకునేదానికంటే ఎక్కువ నచ్చుతుంది.

సమన్వయకర్త జీతాన్ని, ఆడిట్ ఖర్చును దాచవద్దు. "మా డబ్బు పిల్లలకే పోవాలి, జీతాలకు కాదు" అనే దాతలు ఉన్నారు. వారికి భయపడి జీతాన్ని "శిక్షణ" అనే పద్దులో కలిపితే ఆ అబద్ధం ఏడాది చివర ఆడిట్‌లో బయటపడుతుంది. వారిని ఒక్క ప్రశ్న అడగవచ్చు: మీ మిల్లులో గుమాస్తా లేకుండా లెక్క తేలుతుందా? వ్యాపారం చేసేవారికి ఇది వెంటనే అర్థమవుతుంది.

పన్నుల విషయంగా రెండు సంగతులు తెలిసి ఉండటం మంచిది. ఒక రిజిస్టరైన ట్రస్టు మరొక ట్రస్టుకు ఇచ్చినప్పుడు, 2023 సవరణ తరువాత, ఆ మొత్తంలో 85 శాతమే వారి ఖర్చుగా లెక్కకు వస్తుంది. లక్ష ఇస్తే 85,000 అన్నమాట. అందుకే కొందరు "మేమే నేరుగా బిల్లు కడతాం" అంటారు. అది మీ మీద అపనమ్మకం అనుకోనక్కరలేదు. మూలధన నిధి (కార్పస్) కింద ఇచ్చినదైతే వారికి ఖర్చుగా అసలు లెక్కకు రాదు. కాబట్టి "మా కార్పస్‌కు 5 లక్షలు ఇప్పించండి" అని ట్రస్టును అడగడం దండగ. అది వ్యక్తులను అడగవలసిన సాయం.

ఏడో అడుగు: వారు ఊరికి వచ్చిన రోజు

డబ్బు ఇచ్చే ముందో, మొదటి విడత ఇచ్చాకో ఎవరో ఒకరు చూడటానికి వస్తారు. నా మొదటి అనుభవం చెబుతాను. పూలదండలు, స్వాగత గీతం, తెల్లచొక్కాల్లో పిల్లలు, అన్నీ సిద్ధం చేశాం. వచ్చిన పెద్దమనిషి దండ వేయించుకుని, కుర్చీలో కూర్చోకుండా గుమ్మం దగ్గరున్న ఒక అవ్వ పక్కన అరుగు మీద కూర్చున్నారు. "సదువు మంచిగ చెప్తుండ్రా అమ్మా?" అన్నారు. "మంచిగనే చెప్తుండ్రు సారూ. గని వానొస్తె గీ కొట్టం కురుస్తది. ఆ దినం సదువు బంద్" అన్నది అవ్వ. ఆయన హాజరు పుస్తకం తెప్పించుకున్నారు. జూలై, ఆగస్టు నెలల్లో ఒక్క రోజు కూడా ఖాళీ లేకుండా టిక్కులు పెట్టి ఉన్నాయి.

తప్పు మాదే. వలంటీరు నెలాఖరున ఒకేసారి టిక్కులు పెట్టేవాడు, మేము చూసీ చూడనట్టు సంతకం చేసేవాళ్లం. ఆయన అరవలేదు. రేకులకు అయ్యే డబ్బు ఆ వారమే పంపించారు, రెండో విడతను మాత్రం మూడు నెలలు ఆపారు. అప్పటి నుంచి వాన పడి బడి జరగని రోజున "వాన" అని రాయిస్తున్నాం. ఖాళీ గళ్లు ఉన్న రిజిస్టరు చూపించడానికి మొదట్లో సిగ్గుగా ఉండేది.

కనుక సందర్శన రోజున మామూలుగా జరిగే పనినే జరగనివ్వండి. వలంటీరును మాట్లాడనివ్వండి, మీరు ఆయన మాటను మధ్యలో సవరించవద్దు. ఓచర్ల ఫైలు, స్టాకు పుస్తకం, హాజరు పుస్తకం మీరు మోసుకెళ్లిన సంచిలో కాకుండా కేంద్రంలోనే ఉండాలి. పిల్లల ఫోటోలు తీయాలంటే ఇంటివారి అనుమతి ముందే తీసుకోండి. అనారోగ్యమో అనాథ స్థితో చెప్పి పిల్లవాడిని అందరి ముందు నిలబెట్టడం ఏ దాత అడిగినా చేయకూడదు.

ఎనిమిదో అడుగు: ఒప్పందం, ఖర్చు, నివేదిక

మంజూరైతే నోటిమాటతో మొదలుపెట్టకుండా రెండు పేజీల ఒప్పందం రాసుకోవాలి. ఎన్ని విడతలు, ఏ విడత దేని మీద ఆధారపడుతుంది, ఒక పద్దు నుంచి మరొక పద్దుకు ఎంత శాతం వరకు అడగకుండా మార్చుకోవచ్చు, మిగిలిన సొమ్ము ఏమవుతుంది, ఇవి అందులో స్పష్టంగా ఉండాలి. కుటుంబంలోని వేర్వేరు వ్యక్తులు వేర్వేరు కోరికలు చెప్పడం మొదలుపెట్టినప్పుడు ఈ కాగితమే మిమ్మల్ని కాపాడుతుంది. అన్నగారు కంప్యూటర్లు పెట్టమంటారు, వదినగారు యోగా నేర్పమంటారు. "ఒప్పందం సవరించుకుని చేద్దాం సార్" అనవచ్చు.

ఈ గ్రాంటుకు లెక్కల్లో వేరు ఖాతా తెరవండి. ఒక్కరికి ఒక్క రోజులో 10,000 రూపాయలకు మించి నగదు చెల్లిస్తే ఆ ఖర్చును పన్ను అధికారులు ఒప్పుకోరు. టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టవలసిన చోట పట్టకపోయినా ఆ ఖర్చులో 30 శాతాన్ని ఒప్పుకోరు. శనగలు అమ్మిన కోమటి కొట్టులో బిల్లు దొరకదని వదిలేయకుండా, తేదీ, తూకం, ధర, సంతకంతో ఓచరు రాయించుకోండి. ఆ ఏడాది 80జీ విరాళాలు తీసుకుని ఉంటే మే 31లోగా వాటి వివరాలు దాఖలు చేసి, దాతలకు సర్టిఫికెట్లు పంపాలి. ఆ సర్టిఫికెట్ లేకపోతే వారికి మినహాయింపు రాదు, వారి ఆడిటరు మీ పేరు మళ్లీ వినడానికి ఇష్టపడడు.

నివేదిక రెండు పేజీలు చాలు. అందులో చేస్తామన్నది, చేసినది, చేయలేకపోయినది, దానికి కారణం ఉండాలి. సీఏ సంతకంతో వినియోగ ధ్రువపత్రం జత చేయాలి. ఫోటోలు నాలుగుకు మించవద్దు.

కాదన్నప్పుడు, అవునన్న తరువాత

తిరస్కరిస్తే వారం రోజుల్లో కృతజ్ఞత తెలుపుతూ ఉత్తరం రాసి, కారణం తెలుసుకోవచ్చా అని ఒకసారి మాత్రమే అడగండి. "ఈ ఏడు సొమ్ము అయిపోయింది" అంటే వచ్చే నవంబరులో వెళ్లవచ్చు. "మా తాతగారి ఊరికి దూరం" అంటే వెళ్లనక్కరలేదు.

మంజూరైతే మాత్రం వేరే చిక్కు మొదలవుతుంది: సంస్థ మొత్తం ఆ ఒక్క ఇంటి మీద ఆధారపడటం. సత్యం కంప్యూటర్స్ యజమాని కుటుంబం 2001లో తండ్రి పేరిట స్థాపించిన బైర్రాజు ఫౌండేషన్ గోదావరి జిల్లాల పల్లెల్లో పెద్దయెత్తున పనిచేసింది. 2009 జనవరిలో ఆ కంపెనీ లెక్కల కుంభకోణం బయటపడ్డాక నిధుల దారి మూసుకుపోయింది. ఊళ్లలో పనిచేసినవారి తప్పు అందులో ఏమీ లేదు. మా సంస్థలో ఏ ఒక్క దాత వాటా సగానికి మించకూడదని కార్యవర్గ తీర్మానం ఉంది. మొదటి రెండేళ్లు దానిని పాటించలేకపోయాం, ఇప్పుడు పాటిస్తున్నాం.

కొనసాగింపు కోసం అడిగే ఉత్తరం మొదటి పేజీలో గత ఏడాది మిగులును చూపించండి. ఉదాహరణకు 75 మంది పిల్లల్లో తొమ్మిది మందిని తల్లిదండ్రులు సంక్రాంతికి వచ్చి తమతోపాటు భీవండి తీసుకెళ్లారనుకుందాం. ఇంకా 80 రోజుల గుడాల ఖర్చు మిగిలితే అది 5,760 రూపాయలు. ఆ సొమ్ము తిరిగి పంపమంటారా, వచ్చే ఏడాది పద్దులో సర్దుకోమంటారా అని వారినే అడగండి. ఆ తొమ్మిది మంది పేర్లు మీ దగ్గర ఉంచుకుని, వానకాలం పనులకు వాళ్లు తిరిగి వచ్చారో లేదో జూన్ రెండో వారంలో వెళ్లి చూసి, ఆ సంగతి కూడా ఫౌండేషన్‌కు ఒక కార్డు ముక్క మీద రాసి పంపండి.